కనపడకుండా నడిచేవాటిని ఆపే ముందు

అసలు పని

"కంప్యూటర్ స్లో అయిపోయింది, కొంచెం చూడండి."

ఒడిశాలోని బరంపురంలో ఇరవై ఎనిమిదేళ్లు కంప్యూటర్లు బాగుచేశాను. మొదటి పదహారేళ్లు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం, ఆ తరవాత పెద్ద బజారు వెనక ఒక గదిలో సొంత పని. ఎక్కడున్నా నేను ఎక్కువగా విన్నది ఈ ఒక్క మాటే. కళ్లు సహకరించక పోయినేడు ఆ గది ఖాళీ చేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇప్పటికీ ఇంటికి వచ్చి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, ఏ సర్టిఫికెట్ మంచిది అని అడుగుతుంటారు. వాటికి నా దగ్గర పెద్దగా జవాబు లేదు. నేను చెప్పగలిగింది వేరే ఉంది.

మీ ముందు తెర మీద ఒకటో రెండో ప్రోగ్రాములు తెరిచి ఉంటాయి. లోపల మాత్రం వందకి పైగా నడుస్తుంటాయి. టాస్క్ మేనేజర్ తెరిస్తే ఆ జాబితా కనపడుతుంది. వాటికి తెర మీద చోటు ఉండదు, నొక్కడానికి బొమ్మ ఉండదు. ఒకటి ప్రింటర్ కోసం కాచుకుని ఉంటుంది, ఒకటి వైరస్‌లు వెతుకుతుంది, ఒకటి గడియారం సరిచూస్తుంది. కొన్ని ఎందుకున్నాయో వాటిని పెట్టినవాళ్లకే తెలియాలి. బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌లు అంటే ఇవే. జాబితాలో ఒకదాన్ని పట్టుకుని 'ఎండ్ టాస్క్' నొక్కితే అది ఆగిపోతుంది.

ఆ మీట ఎక్కడుందో ఎవరైనా అర నిమిషంలో నేర్పేస్తారు. అదేమిటో తెలుసుకోకుండా నేను దాన్ని నొక్కినందువల్ల ఒక ఆడమనిషి చనిపోయింది. చనిపోయింది అనే రాస్తున్నాను. చాలాకాలం 'చనిపోయి ఉండొచ్చు' అని చెప్పుకునేవాణ్ణి.

మినతి నాని

ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగానికి పెద్ద మినతి గారు. ఒడియావారు. గంజాం వైపు ఒడియాలో అక్కని నాని అంటారు, ఆసుపత్రిలో అందరికీ ఆవిడ మినతి నానే. బరంపురంలో పుట్టిన మనిషి కాబట్టి తెలుగు మాలాగే మాట్లాడేవారు.

నేను పాత్రపూర్ పక్క పల్లె నుంచి వచ్చాను. మా నాన్న రైతు. టౌన్లో డిప్లొమా చదివి, చేతి వేగం ఒక్కటే తెలివి అనుకునే వయసులో ఆవిడ కింద చేరాను. నేను ఒక మెషీన్ని ఐదు నిమిషాల్లో సరిచేసి లేస్తే ఆవిడ మెచ్చుకునేవారు కాదు. "ఏమి పాడయింది?" అని అడిగేవారు. "బాగయిపోయింది కదా నానీ" అంటే, "బాగయింది నాకూ కనపడుతోంది. ఏమి పాడయిందో చెప్పు" అనేవారు. చెప్పలేకపోతే మళ్లీ కూర్చోబెట్టేవారు. నాకు కోపం వచ్చేది. ఆవిడకి చాదస్తం అని కేంటీన్లో అనేవాణ్ణి కూడా.

రిటైరయ్యే ముందు ఆవిడ ఒక ఫైలు నా చేతికిచ్చారు. ఆసుపత్రిలో ఏ కంప్యూటర్లో తను ఏమేమి పెట్టారో, ఎందుకు పెట్టారో, చేత్తో రాసిన పదిహేను కాగితాలు. "కూర్చుని ఒకసారి చదువు స్వామీ. అర్థం కాకపోతే నేనుండగానే అడుగు" అన్నారు. నా పేరు అప్పలస్వామి. ఆవిడ వీడ్కోలు రోజున పూలదండ నేనే తెచ్చాను. ఫైలు మాత్రం చదవకుండా సొరుగులో పెట్టాను. పదహారేళ్లలో చేసిన పెద్ద తప్పు ఏది అంటే జనం ఆ సోమవారం సంగతి అనుకుంటారు. నా లెక్కన తప్పు ఆ సొరుగు దగ్గరే మొదలైంది.

సోమవారం

ఆవిడ వెళ్లిపోయిన మరుసటి ఏడు, ఒక సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకి లేబొరేటరీ నుంచి పిలుపు వచ్చింది. రక్తపరీక్షల యంత్రానికి కలిపిన కంప్యూటర్ కదలడం లేదట. వెళ్లేసరికి రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ల వరస గుమ్మం దాటి ఉంది. లేబ్ టెక్నీషియన్ కామేశ్వరి అక్కడే నిలబడి ఉంది. బరంపురం వర్తకుల ఇంటి పిల్ల, నెమ్మదస్తురాలు. ఆ వేళ ఆమె కూడా విసిగిపోయి ఉంది.

"సూడండి స్వామి బాబూ, ఒక పేరు కొడితే తెర మీద పడడానికి ఏడు నిమిషాలు. ఇంతమందికి నానేటి సెప్పాల?"

నా వెనకే మేనేజర్ గారు వచ్చారు. ఎన్ని నిమిషాల్లో అవుతుంది అని ఒడియాలో అడిగారు. చూడాలి అన్నాను. పది నిమిషాలు, అంతకు మించి వీల్లేదు అని నా భుజం పక్కనే నిలబడ్డారు.

టాస్క్ మేనేజర్ తెరిచాను. డిస్కు నూటికి నూరు చూపిస్తోంది. జాబితా కిందికి వెళ్తే నాకు తెలియని పేర్లు నాలుగు కనపడ్డాయి. అందులో ఒకటి 'ఎల్‌డబ్ల్యూ2'. తయారుచేసిన కంపెనీ పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. కొన్ని క్షణాలకోసారి డిస్కుని తాకుతోంది. పేరూ ఊరూ లేనిది, ఊరికే ఉండనిది, వైరస్సే అయ్యుంటుంది అనుకున్నాను. అది ఎక్కడి నుంచి నడుస్తోందో చూడడానికి ఒక్క క్లిక్కు చాలు. ఆ క్లిక్కు చెయ్యలేదు. నాలుగింటినీ వరసగా ఆపేసి, మెషీన్ వెలిగించినప్పుడు మళ్లీ మొదలవకుండా స్టార్టప్ జాబితాలోంచి కూడా తీసేశాను.

రెండు నిమిషాల్లో కంప్యూటర్ పరుగెత్తింది. కామేశ్వరి "అమ్మయ్య" అంది. మేనేజర్ గారు నా వీపు తట్టారు. ఆ తట్టు నాకు బాగా నచ్చింది. అది కూడా రాయాలి.

మెషీన్ స్లో అయింది ఆ నాలుగింటి వల్ల కాదు. ప్రతి సోమవారం తొమ్మిదింటికి వైరస్ స్కాన్ మొదలయ్యేట్టు ఎవరో అంతకు ముందు వారమే మార్చారు. నేను కూర్చునేసరికి అది ముగింపుకి వచ్చింది. నేను ముట్టుకోకపోయినా ఆ కంప్యూటర్ అదే రెండు నిమిషాల్లో దానంతటదే బాగయ్యేది. ఈ సంగతి నాకు పది రోజుల తరవాత, పాత రికార్డులు తెరిచి చూస్తే తెలిసింది.

గురువారం

ఆ గురువారం ఆడవాళ్ల వార్డులో నూకాలమ్మ అనే మనిషి ఉంది. గంజాం ఊరు నుంచి వచ్చింది. ఋషికుల్య సముద్రంలో కలిసే చోట ఉండే తెలుగు జాలరి కుటుంబం. కిడ్నీల జబ్బు. ఉదయం రక్తం తీశారు. పదకొండు గంటలకి ఫలితం లేబ్ కంప్యూటర్లోకి వచ్చింది. పొటాషియం ఉండకూడనంత ఉంది. అలా ఉంటే గుండె ఏ క్షణమైనా ఆగుతుంది, వెంటనే మందు ఇవ్వాలి.

ఫలితాల కాగితాలు అన్నీ కలిపి వార్డుకి వెళ్లేది ఒంటిగంటన్నరకి. మరి ప్రాణం మీదికి వచ్చే ఫలితాల మాట? అందుకే మినతి నాని ఏళ్ల క్రితం ఒక చిన్న ప్రోగ్రాము రాసి పెట్టారు. వచ్చే ప్రతి ఫలితాన్నీ అది చూస్తూ ఉంటుంది. హద్దు దాటింది కనపడగానే వార్డులో నర్సు ముందున్న కంప్యూటర్లో బెల్లు మోగించి, ఎర్ర అక్షరాల్లో రోగి పేరు చూపిస్తుంది. లేబ్ నుంచి వార్డుకి. లేబ్‌లో ఎల్, వార్డులో డబ్ల్యూ. రెండోసారి సరిచేసి రాసింది కాబట్టి రెండు.

నర్సులు ఆ బెల్లుకి అలవాటు పడ్డారు. బెల్లు మోగలేదంటే అంతా బాగుందని అర్థం. సోమవారం నుంచి అది మోగలేదు, ఎవరికీ అనుమానం రాలేదు. పావు తక్కువ ఒంటిగంటకి నూకాలమ్మ గుండె ఆగిపోయింది. వార్డంతా కూడి ప్రయత్నం చేసినా మళ్లీ మొదలవలేదు.

రెండు గంటలకి కామేశ్వరి మా గదికి వచ్చింది. చేతిలో ఆ రిపోర్టు ఉంది.

"స్వామి బాబూ, ఇది పదకొండింటికే వొచ్చింది. వార్డులో బెల్లు మోగనేదంటున్నారు. ఏల మోగనేదు?"

సొరుగు లాగి ఫైలు తీశాను. నాలుగో కాగితం మీద ఉంది. 'ఇది ఆగితే వార్డుకి కబురు అందదు. దీన్ని ఆపే పని పడితే ముందు నర్సులకి చెప్పాలి.' కామేశ్వరి నా భుజం మీదుగా చదివింది. ఇద్దరం లేబ్‌కి నడిచాం. నేను దాన్ని మళ్లీ మొదలుపెట్టాను. పాత ఫలితాలన్నిటినీ ఒకసారి చూసుకుని, అది వెంటనే వార్డులో బెల్లు మోగించింది. అక్కడ తెర మీద పడిన పేరు నూకాలమ్మది.

సాయంత్రం మేనేజర్ గారి గదిలో ఒక కాగితం టైపు చేసి ఉంది. యంత్రంలో సాంకేతిక లోపం వల్ల కబురు ఆలస్యమైంది అని. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. "లోపమే కదా స్వామీ. యంత్రాలకి లోపాలు వస్తాయి" అన్నారు. నేను సంతకం పెట్టాను. కామేశ్వరి ఆ తరవాత నాతో మాట్లాడడం మానేసింది.

గంజాం బస్సు

తొమ్మిది రోజులు అన్నం సయించలేదు. పదో రోజు ఉదయం మినతి నాని ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆవిడ తిడతారనుకున్నాను.

"అందులో నా తప్పు కూడా ఉంది. నాకొక్కదానికే అర్థమయ్యే పేరు పెట్టాను. వార్డుకి ప్రమాద కబురు అని నిండుగా పేరు పెట్టి ఉంటే నువ్వు ముట్టుకునేవాడివి కాదు."

నాకు కొంచెం ఊపిరి ఆడినట్టయింది. ఆవిడ అది కనిపెట్టారు.

"నేను నా తప్పు చెప్పుకున్నంత మాత్రాన నీది తగ్గలేదు స్వామీ. ఆ సంతకం ఏం చేస్తావు?"

అక్కణ్ణించి తిన్నగా కొత్త బస్టాండుకి వెళ్లి గంజాం బస్సెక్కాను.

నూకాలమ్మ కూతురి పేరు ఎర్రమ్మ. ముప్పై ఏళ్లుంటాయి. నేను వెళ్లేసరికి ఇంటి ముందు ఇసకలో వల పరిచి చేపలు ఎండబెడుతోంది. ఆసుపత్రి నుంచి వచ్చానన్నాను. కూర్చోమనలేదు.

"మాయమ్మ కాయితాలు అన్నీ ఇచ్చీసినారు కదా బాబూ. మరింకేటి?"

నిలబడే చెప్పాను. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ పనికి రాలేదు. "కంప్యూటర్లో మనకి కనపడకుండా నడిసేవి కొన్ని ఉంటాయమ్మా. మీ అమ్మ రక్తం బాగోలేదని నర్సుకి సెప్పేది కూడా అలాటిదే ఒకటుండేది. అదేటో తెలుసుకోకుండా నేనే దాన్ని ఆపీసినాను. మిషను సెడిపోలేదు."

ఆమె చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది.

"అంటే కేకేసే మడిసి నోరు నొక్కీసినావు."

"అవునమ్మా."

"ఎందుకు నొక్కినావు?"

"ఎవులో తెలీక. తొందర పడి."

ఆమె ఏడుస్తుందని, లేదా పదిమందిని పిలుస్తుందని అనుకున్నాను. ఆ చేపని మిగతావాటి పక్కన సరిగ్గా పరిచింది. కొంచెంసేపు సముద్రం వైపు చూసింది.

"మాయమ్మ పొద్దున్న బాగా మాటాడినాది. గంజి తాగినాది. నన్ను ఇంటికెల్లి పిల్లల్ని సూసుకోమన్నాది. నేను బస్సెక్కినాను. ఆ మిషను నోరిప్పుంటే నేనక్కడుందును." అప్పుడు నా వైపు తిరిగింది. "మాకిచ్చిన కాయితంలో మిషను సెడిపోనాది అనున్నాది. సదివించుకున్నాను. దానికింద నీ సంతకమేనా?"

"నాదే."

"వొచ్చి సెప్పీసినావు కాబట్టి నిన్నొదిలి ఒగ్గీమంటావా?"

"నేదమ్మా."

"ఒగ్గను. మాయమ్మ పేరు మీద అబద్దం ఉండకూడదు. నిజం రాసియ్యి. నా ఎదర రాసియ్యాల, ఆ పెద్ద డాక్టరు ఎదర."

లోపలికి వెళ్లి చేతులు కడుక్కుని, చీర మార్చుకుని, పక్కింటావిడకి పిల్లల్ని అప్పజెప్పి వచ్చింది. నేను వచ్చిన దారినే ఇద్దరం బరంపురం బస్సెక్కాం. ఆమె ముందు సీట్లో కూర్చుంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఆసుపత్రి పెద్ద డాక్టరు గారి గదిలో, ఆయన ముందూ ఆమె ముందూ, తెలుగులో రాశాను. ఏ రోజు ఏది ఆపానో, అది ఏమి చెయ్యాల్సి ఉండేదో, ఫైలు నా దగ్గర ఉన్నా చదవలేదని, ముందు పెట్టిన సంతకం అబద్ధమని. కామేశ్వరిని పిలిపించారు. ఆమె కూడా తనకు తెలిసింది చెప్పి కింద సంతకం పెట్టింది. ఉద్యోగం పోవచ్చని తెలిసే పెట్టింది. ఈ మొత్తం విషయంలో ఎవరైనా ధైర్యం చూపించారంటే అది ఆమే.

"ముందే తెలిస్తే మాయమ్మ బతికుండునా?" అని ఎర్రమ్మ డాక్టరు గారిని అడిగింది.

ఆయన వయసులో పెద్దవారు. "బతికే అవకాశం చాలా ఉండేదమ్మా" అన్నారు. దాటవేయలేదు. నేను 'ఉండొచ్చు' అని చెప్పుకోవడం ఆ వేళతో ఆగిపోయింది.

విచారణ మూడు నెలలు సాగింది. నన్ను తీసేశారు. కామేశ్వరిని ఉంచారు. బెల్లు ఉన్నా లేకపోయినా ప్రమాదమైన ఫలితం వస్తే లేబ్ నుంచి వార్డుకి ఫోను చెయ్యాలని, విన్న నర్సు పేరు రాసుకోవాలని నియమం పెట్టారు. ఎర్రమ్మకి ఆసుపత్రి తరఫున తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం ఇచ్చారు. ఆ ఉత్తరం అందుకోవడానికి వచ్చిన రోజు ఆమె నాకు గేటు దగ్గర ఎదురైంది. క్షమించానని అనలేదు, తిట్టలేదు. "అందింది" అని మాత్రం చెప్పి వెళ్లిపోయింది.

ఆ తరవాత నేను పని చేసిన తీరు

సొంత గది పెట్టుకున్నాక నాకు నెమ్మది మనిషి అని పేరొచ్చింది. కొందరు విసుక్కుని వేరే చోటికి వెళ్లేవారు. వెళ్లనిచ్చాను.

స్లో అయిన మెషీన్ ముందు కూర్చుంటే మొదటి పావుగంట చేతులు కట్టుకుని చూసేవాణ్ణి. ఏది ఎక్కువ తింటోంది, ప్రాసెసరునా, మెమరీనా, డిస్కునా? ఎప్పుడూ ఇలాగే ఉంటుందా, ఒక వేళప్పుడేనా? తెలియని పేరు కనపడితే అది ఏ ఫోల్డరు నుంచి నడుస్తోందో చూసేవాణ్ణి. తరవాత కంప్యూటర్ వాడే మనిషినే అడిగేవాణ్ణి: ఇది ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఇందులో ఏ పనులు వాటంతటవే జరుగుతాయి? చాలాసార్లు ఆ మనిషికి తెలిసేది. మనం అడగం, అంతే. ఆపక తప్పనప్పుడు ఒక్కటే ఆపి, ఏమవుతుందో చూసి, అప్పుడు రెండోదాని దగ్గరికి వెళ్లేవాణ్ణి. ఏది ఆపానో, ఎలా తిరిగి మొదలుపెట్టాలో ఒక కాగితం మీద రాసి మెషీన్ పక్కనే అంటించేవాణ్ణి.

ఒక్క నొక్కుతో కంప్యూటర్ వేగం పెంచుతామనే ప్రోగ్రాములు ఉంటాయి. ఆ సోమవారం నేను చేసిన పనినే అవి రోజూ చేస్తాయి. వాటిని నమ్మకండి.

అలాగని తెలియనిదాన్ని ముట్టుకోకుండా వదిలెయ్యడం కూడా పని కాదు. కొన్నేళ్లు నేను అలాగే చేశాను. భయపడి వదిలేసి, దానికి జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాను. ఆ రెండో తప్పులోంచి బయటపడింది భంజనగర్‌లో.

భంజనగర్ లాప్‌టాప్

భంజనగర్‌లో ఒక దుకాణదారు, తెలుగువాడు, ఫోను చేసి భార్య లాప్‌టాప్ చూడమన్నాడు. బస్సులో వెళ్లాను. ఆమె పేరు సుజాత. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద పిల్లలకి ఇంగ్లీషు పాఠాలు చెబుతుంది. పాఠం మధ్యలో తెర ఆగిపోతోందని ఆమె ఫిర్యాదు. భర్త నన్ను కూర్చోబెట్టి, అరగంటలో వస్తానని దుకాణానికి వెళ్లాడు. అత్తగారు ముందు గదిలో బియ్యం ఏరుకుంటున్నారు.

జాబితాలో ఒక పేరు దగ్గర ఆగాను. చూడడానికి కంప్యూటర్‌తో పాటు వచ్చే మామూలు ప్రాసెస్ లాగానే ఉంది, ఒక అక్షరం మాత్రం తేడా. ఫోల్డరు చూస్తే అది ఉండాల్సిన చోటు కాదు. నిమిషానికోసారి తెరని ఫోటో తీసి, ఆమె కొట్టే ప్రతి అక్షరంతో కలిపి ఇంటర్నెట్ మీదుగా బయటికి పంపుతోంది. లాప్‌టాప్ స్లో అయింది అందువల్ల.

"ఈ లాప్‌టాప్ ఎవరు కొన్నారమ్మా?" అని అడిగాను.

"ఆయనే. అన్నీ పెట్టించి తెచ్చి ఇచ్చినారు. ఏటండీ, పాడైపోయిందా?"

ఇది వాళ్ల ఇంటి విషయం, నాకెందుకు అనిపించింది. పైగా పిలిచింది అతను. కాని లాప్‌టాప్ వాడేది ఆమె, అందులోంచి బయటికి పోతున్నది ఆమె మాటలు. అది మాటలు కూడా వింటోందేమోనని మూత మూసేసి, గదిలోనే వదిలేసి, మంచినీళ్లు కావాలని వరండాలోకి వచ్చాను. ఆమె గ్లాసుతో వచ్చింది. గొంతు తగ్గించి చెప్పాను.

ఆమె గ్లాసు నా చేతికివ్వడం మర్చిపోయింది.

"మా అక్కకి నేను రాసిన మాటలు మర్నాడు ఈయన నోట్లోంచి వొచ్చీవి. అక్కే సెప్పీస్తోందనుకున్నాను. దాంతో మాటాడ్డం మానీసినాను. ఏడాది అయిపోనాది."

"ఇప్పుడే తీసేస్తానమ్మా. రెండు నిమిషాలు."

"ఆగండి." గుమ్మం వైపు చూసి మళ్లీ నా వైపు తిరిగింది. "తీసీస్తే ఆయనకి తెలిసిపోద్ది కదా?"

తెలుస్తుంది. అటువైపు ఫోటోలు రావడం ఆగిపోతుంది. నాకు ఆ ఆలోచన రాలేదు. పట్టలేని కోపంతో నేను మళ్లీ ఆ మీట దాకా వెళ్లిపోయాను.

"అయితే ఉండనీండి. నాకు తెలిసినట్టు ఆయనకి తెలీకూడదు. ఏటి రాయాలో ఏటి రాయకూడదో నేను సూసుకుంటాను."

అది ఉన్న ఫోల్డరు, పేరు, ఎక్కడికి పంపుతోందో, అన్నీ కాగితం మీద రాసి ఆమెకిచ్చాను. అక్కతో మాట్లాడాలంటే ఈ లాప్‌టాప్ వద్దు, ఆయన కొని ఇచ్చిన ఫోను కూడా వద్దు అని చెప్పాను. భర్త తిరిగొచ్చి ఏమైందని అడిగాడు. పాత ఫైళ్లు పేరుకుపోయాయని, కొన్ని తీసేశానని చెప్పాను. అబద్ధం. ఆ అబద్ధం విషయంలో నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు. అతను నా కళ్లలోకి కాసేపు చూసి, మరేమీ అడగకుండా నన్ను బస్సు దాకా దింపాడు.

ఐదు నెలల తరవాత, ఒక మధ్యాహ్నం, సుజాత నా గదికి వచ్చింది. పక్కన వాళ్ల అక్క ఉంది. బరంపురంలో ఒక స్కూల్లో ఉద్యోగం దొరికిందట. అక్కకీ స్కూలుకీ ఉత్తరాలన్నీ పక్కింటి టీచరుగారి కంప్యూటర్ నుంచి రాసుకుందట. అక్క ఇంటికి వచ్చి అప్పటికి వారం. భర్త రెండుసార్లు వచ్చి అరిచి వెళ్లాడు. ఆమె తిరిగి వెళ్లనంది. లాప్‌టాప్ సంచీలోంచి తీసి నా బల్ల మీద పెట్టింది.

"ఇప్పుడు తీసీండి."

"మీరే తియ్యండమ్మా. నేను దారి చూపిస్తాను."

ముందు ఇంటర్నెట్ ఆపించాను. రేపు ఎవరైనా కాదంటే చూపించడానికి ఆధారం ఉండాలని తెర మీద ఉన్నది ఫోటోలు తీయించాను. అప్పుడు ఆమె జాబితాలో ఆ పేరు వెతికి పట్టుకుని, 'ఎండ్ టాస్క్' నొక్కింది. వరసలోంచి అది మాయమైంది.

"మళ్లీ రాదా?"

"ఇలా ఒదిలేస్తే వొచ్చేస్తాది. ఇది ఆపడమే, తీసెయ్యడం కాదు. మొత్తం తుడిసేసి కొత్తగా పెట్టుకోవాల."

ఆమెకి కావలసిన పాఠాలు పెన్ డ్రైవులోకి ఎక్కించి, వాటిని వేరే మెషీన్లో పరీక్షించి, లాప్‌టాప్ అంతా తుడిచి మళ్లీ పెట్టడానికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ అక్కాచెల్లెళ్లు ఒకే బెంచీ మీద కూర్చుని ఉన్నారు. కొత్త పాస్‌వర్డు పెట్టమన్నాను. ఆమె వేళ్లు కీల మీద పెట్టి, ఆగి, నా వైపు చూసింది.

నేను కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాను.